కయాక్ కింద గీత

ఓడెల్ ప్రూయిట్ నలభై ఏళ్లు ఆర్కాన్సా కొండల్లో కుళాయిలు బాగుచేశాడు. ఆ పని మానేశాక పట్టుకున్న పిచ్చి ఒకటే, కయాక్‌లనే చిన్న తెడ్డు పడవలకు ఫిష్ ఫైండర్లు బిగించడం. నీళ్ల కింద ఏముందో సెన్సరుతో పసిగట్టి తెర మీద చూపే యంత్రాలవి. దుకాణంలో అమ్మే స్టాండు చూస్తే ఆయనకు ఒళ్లు మండేది. కూరలు తరిగే ప్లాస్టిక్ పలక తెరకు పీట, పీవీసీ గొట్టం సెన్సరుకు చెయ్యి, అంతే. అడిగినవాళ్లందరికీ ఊరికే చేసిపెట్టేవాడు. అసలు సంగతి వేరు. అన్న కార్లిస్ ఊరి పక్క డ్యామ్ నీళ్లలో మునిగి మూడేళ్లయినా శవం దొరకలేదు. ఎవరి తెర మీదైనా కనబడకపోతాడా అని ఆశ. వదిన నదీన్ అంత్యక్రియలకు ఒప్పుకోలేదు.

"ఒట్టి పెట్టెను పాతిపెట్టను," అనేది.

తన కయాక్‌కు మాత్రం ఓడెల్ సెన్సరును పడవ లోపలే, అడుగు ప్లాస్టిక్‌కు జిగురుతో అతికించాడు. ఏప్రిల్లో తెర మీద ఒక గీత మొదలైంది. నలభై అడుగుల లోతున, ఎటు తెడ్డేసినా తెగకుండా. కదలని వస్తువైతే పడవ దాటగానే పోవాలి. ఇది వెంట వస్తోంది. ఓడెల్ వెళ్లి వదినకు చెప్పాడు.

"జిగురులో గాలి బుడగ ఉండుంటుంది," అంది నదీన్. "తొందర మనిషివి, నువ్వెప్పుడు ఆరనిచ్చావు గనక?"

అదీ నిజమే. గీకిపారేసి, మళ్లీ పోసి, ఇటుక బరువు పెట్టి రెండు రోజులు ఆరనిచ్చాడు. గీత పోలేదు.

ఆదివారం పొద్దున్నే నదీన్ తన కయాక్ తెచ్చింది. దాని సెన్సరు గొట్టం చివర నీళ్లలోనే ఉంటుంది. జిగురు గొడవ లేదు. పొగమంచులో ఇద్దరూ పక్కపక్కన ఆగారు.

"చూడు, నా తెర శుభ్రంగా..."

మాట పూర్తికాలేదు. ఓడెల్ గీత తెగిపోయింది. ఆమె తెర మీద మొదలైంది.

"వదినా, ఒడ్డుకు పద. తొందరగా!"

"నువ్వు పో." నదీన్ తెరనే చూస్తోంది. "కార్లిస్, ఇంటికి రా."

వెనకబడ్డ మనిషి కోసం ఆగుతున్నట్టు మెల్లగా ఒడ్డు వైపు తెడ్డేసింది. నేల ఎనభై అడుగుల నుంచి నలభైకి, ఇరవైకి, పదికి వచ్చింది. గీత కూడా దాంతోపాటే పైకొచ్చింది.

ఓడెల్ ముందే ఒడ్డు చేరి, పడవ దిగి మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాడు. మూడేళ్లు వెతికినవాడికి ఇప్పుడు కిందికి చూసే ధైర్యం లేదు.

"ఎంత లోతు వదినా?"

"రెండడుగులు. చెయ్యి పెట్టు ఓడెల్. నాకు భయంగా ఉంది."

కళ్లు మూసుకుని పెట్టాడు. కోటు కాలరు చేతికందింది.