ఊరి బడిలో మూడేళ్లే

కిందటేడు చలికాలంలో ఇదే బ్లాగులో నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య ఉన్న ఒక ప్రభుత్వ కాలేజీ గురించి రాశాను. పదో తరగతి పాసైన పిల్లలకి రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా, అక్కడే హాస్టలు, అక్కడే భోజనం, గోడ పక్కనే పొలం. ఆ రోజు పండిన మిరప తోటల మధ్య ఫోటోలు దిగి, గాల్లో తేలుతూ ఇంటికొచ్చి, "పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్ల ఎవరైనా ఇక్కడ నిశ్చింతగా చేరొచ్చు" అని రాసి పోస్టు ముగించాను. ఆ వాక్యం నాకు తెగ నచ్చింది కూడా. ఈసారి ప్రయాణానికి కారణం అదే. పోస్టు కింద కెజియా అనే అమ్మాయి రాసింది: "మేడం, మీ పోస్టు మూడుసార్లు చదివా. అప్లై చేసా. లిస్టులో నా పేరొచ్చింది. సర్టిఫికెట్లు చూపించడానికి రమ్మన్నారు. మా అమ్మకి ఆఫీసుల్లో మాట్లాడటం భయం. మీరు మాతో వస్తారా?" ఇలా అడిగితే ఎవరు కాదంటారు? పైగా నా రాత చూసి ఒక పిల్ల కాలేజీలో చేరుతోందంటే నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది.

మాది మైలవరం. పొద్దున ఆరింటికి బస్సెక్కి ఇబ్రహీంపట్నంలో దిగి, జగ్గయ్యపేట వెళ్లే ఎక్స్‌ప్రెస్ పట్టుకున్నాను. ఆడవాళ్లకి టికెట్ డబ్బు అక్కర్లేదు గానీ ఆధార్ కార్డు చేతిలో ఉండాలి, లేకపోతే కండక్టరు మొహమాటపడడు. నందిగామలో బస్సు ఖాళీ అయినట్టే అయి, కోర్టు పనులవాళ్లతో, కాలేజీ పిల్లలతో మళ్లీ నిండింది. చిల్లకల్లు దగ్గర హైవే వదిలి జగ్గయ్యపేట ఊళ్లోకి తిరిగేసరికి తొమ్మిదిన్నర. బస్టాండులో కెజియా, వాళ్లమ్మ రూతమ్మ నాకోసం ఎదురుచూస్తున్నారు. పిల్ల సన్నగా పొడుగ్గా ఉంది, ప్లాస్టిక్ ఫైలుని రెండు చేతులతో గుండెకి హత్తుకుని పట్టుకుంది. రూతమ్మ మిరప చేలల్లో కూలి చేస్తుంది, ఆ రోజుకి పని మానుకుని వచ్చింది. నన్ను చూడగానే "ప్రార్థన చేసుకుని బయల్దేరామండి, ఇంక మీరున్నారు" అంది. ఆ మాటకి నేను నవ్వేశాను.

అక్కణ్ణించి కాలేజీకి బస్సు లేదు. ఆటో మాట్లాడుకుంటే రెండు వందలు, అరగంట ప్రయాణం. పోతూ పోతూ ఒక మూడంతస్తుల బడి కనబడితే రూతమ్మ నా మోచెయ్యి తట్టింది. "అదేనండి మా పాప చదివిన బడి. నాలుగో తరగతి నుంచి పది దాకా అక్కడే. ఊళ్లో బడిలో ఇంగ్లీషు ముక్క రావట్లేదని మూడుతో తీసేసి ఇందులో ఏసా. నాతోపాటు మా ఆయన కూడా రెండు పూటలా కూలికెళ్లి చదివిచ్చామండి." "చాలా మంచి పని చేశారు" అన్నాను, మనస్ఫూర్తిగానే. ఆటో డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఆ కాలేజీలో సీటొచ్చిందా పాపకి? మా బాబాయి కొడుకు అక్కడ చదివే ఇత్తనాల కంపెనీలో చేరాడమ్మా. కళ్లు మూసుకుని చేర్పిచ్చండి" అన్నాడు. కెజియా ఫైలు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

వెళ్లాలనుకునేవాళ్ల కోసం కాలేజీ సంగతి కొంచెం చెబుతాను. గేటు దాటగానే కుడివైపు క్లాసు గదులు, మట్టి పరీక్షలు చేసే గది. ఎడమవైపు ఆడపిల్లల హాస్టలు, వెనక భోజనశాల. మగపిల్లల హాస్టలు పొలం అవతల. పొద్దున ఆరింటికి బెల్లు కొడితే అందరూ పొలంలో ఉండాలి. ఎనిమిదింటి దాకా పని, టిఫిను, ఆ తర్వాత పాఠాలు. ఒక్కొక్కరికీ రెండు సెంట్ల మడి ఇస్తారు, దాంట్లో దుక్కి దగ్గర్నుంచి కోత దాకా వాళ్లే చెయ్యాలి, ఆ పంటకే మార్కులు. ఆదివారం మధ్యాహ్నం ఇంటివాళ్లు వచ్చి చూడొచ్చు. రెండో ఏడు అయ్యాక కొందరు ఎరువుల కొట్లలో, విత్తనాల కంపెనీల్లో చేరతారు. బాగా చదివేవాళ్లు పరీక్ష రాసి డిగ్రీకి వెళతారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఇవన్నీ రాసుకున్నాను. మనకి నచ్చిన చోట అడగాల్సిన ప్రశ్నలు అడగబుద్ధి కాదు.

మా వంతు వచ్చేసరికి పన్నెండవుతుందన్నారు. ఈలోగా కెజియా పొలం చూస్తానంది. భోజనశాల వెనక మిరప నారుమడి ఉంది. ఆమె దాని పక్కన గొంతుక్కూర్చుని వేళ్లతో నారుని పాయలు తీసి చూసింది. గోంగూర కోస్తున్న వంటావిడ నాగేంద్రమ్మ "ఏంటే పిల్లా, తొక్కమాక" అని కేకేసింది. "తొక్కట్లేదండి. బాగా ఒత్తుగా పోశారు. ఒక్క ముసురు పట్టిందంటే మొదళ్లు కుళ్లిపోతయ్" అంది కెజియా. నాగేంద్రమ్మ దగ్గరికొచ్చి చూసి, "మా సారు కూడా పొద్దున ఇదే అన్నాడు! నువ్వు చేరాక ఈ మడి నీకే ఇప్పిస్తాలే" అని నవ్వింది. కెజియా నా వైపు తిరిగి, ఫోన్‌లో ఆ మడిని ఫోటో తియ్యమని అడిగింది. తీశాను. బురద అంటిన వేళ్లని దూరంగా పెట్టుకుని నిలబడింది.

పన్నెండుంపావుకి పిలిచారు. బల్ల వెనక సూపరింటెండెంటు, యాభై దాటిన మనిషి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని కాగితాలు ఒక్కొక్కటే తిరగేశాడు. మార్కులు చూసి తలూపాడు. చదువుకున్న బడుల కాగితాల దగ్గర ఆగి, వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"ఒకటి నుంచి మూడు ఊళ్లో. నాలుగు నుంచి పది జగ్గయ్యపేటలో. అది మునిసిపాలిటీ కదమ్మా? ఇక్కడ చేరాలంటే కనీసం నాలుగేళ్లు పల్లెటూరి బడిలో చదివుండాలి. నువ్వు అప్లికేషన్లో నాలుగేళ్లూ ఉన్నాయని పెట్టావే?"

"మాది పల్లెటూరే సార్. ఇప్పటికీ ఊళ్లోనే ఉంటన్నాం. రోజూ ఆటోలో వెళ్లొచ్చేదాన్ని" అంది కెజియా.

"ఎక్కడున్నావని కాదు, ఎక్కడ చదివావని."

రూతమ్మ ముందుకొచ్చింది. ఆఫీసుల్లో మాట్లాడటం భయమన్న మనిషి. "అయ్యగారూ, అంగన్‌వాడీ రెండేళ్లు ఊళ్లోనే ఎళ్లిందండి. అయి కలిపితే ఐదు."

"అది బడి కిందకి రాదమ్మా" అన్నాడాయన, విసుక్కోకుండా. అంతవరకూ గుమ్మంలో నిలబడ్డ నేను లోపలికెళ్లి, కూలి చేసుకునే తల్లి, మిరప నారు చూసి తెగులు చెప్పగల పిల్ల, మీరు ఎవరికోసం కట్టారు ఈ కాలేజీ అని గట్టిగానే అడిగాను. ఆయన కళ్లజోడు కిందికి దించుకున్నాడు. "టౌను పిల్లలు పల్లె పిల్లల సీట్లు పట్టుకుపోకూడదని పెట్టిన రూలండి ఇది. ఈ అమ్మాయి కోసమే పెట్టినట్టు. కానీ కాగితం ప్రకారం ఈ అమ్మాయి టౌను పిల్ల. నేనేం చెయ్యను? మా కాలేజీ పేరు మాత్రం రాయకండి." రాయనన్నాను. ఆయన కెజియాని అడిగాడు: "ఇంకెక్కడా చేరలేదా?"

"గురుకుల జూనియర్ కాలేజీలో వచ్చిందండి. ఇదే కావాలని వదిలేసా. పోయిన సోమవారంతో గడువైపోయింది."

చెప్పేటప్పుడు ఆ పిల్ల నా వైపు చూడలేదు. చూసి ఉంటే బావుండేది. ఒక మాట అని ఉన్నా బావుండేది. ఫైలులో కాగితాలు వరసగా సర్దుకుని, ఆయనకి థాంక్యూ చెప్పి బయటికొచ్చింది.

బయట నాగేంద్రమ్మ మా కోసం మూడు కంచాలు పెట్టి ఉంచింది. సర్టిఫికెట్ల రోజు వచ్చినవాళ్లందరికీ అక్కడ భోజనం పెడతారు. "అయిపోయిందా? ఇంక రెండేళ్లు నా చేతి వంటే తినాలి" అంది పప్పు వడ్డిస్తూ. మా మొహాలు చూసి ఆవిడకే అర్థమై గరిట గిన్నెలో పెట్టేసింది. కెజియా గోంగూర పప్పు అన్నంలో కలిపి, అలాగే చూస్తూ కూర్చుంది. రూతమ్మ తినలేదు. నేను తిన్నాను, ఏం చెయ్యాలో తెలియక తిన్నాను.

తిరుగు ఆటోలో ఆ మూడంతస్తుల బడి మళ్లీ వచ్చింది. రూతమ్మ ఈసారి అటు చూడలేదు. వచ్చే ఏడు ఏదో ఒక కాలేజీలో చేర్పిద్దాం, ఫీజు సంగతి నేను చూస్తాను అన్నాను. నా గొంతు నాకే అబద్ధంగా వినబడింది. బస్టాండులో దిగాక రూతమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మీరేం చేస్తారండి, మీ తప్పేముంది. చేలో పనికి రాకూడదనే టౌన్లో ఏసా. రేపు మిరప నాట్లకి నాతోపాటు వచ్చిద్ది. అక్కడైతే ఎన్నేళ్లు ఎక్కడ చదివావని అడగరు." కెజియా మాత్రం, "మేడం, ఆ ఫోటో నాకు పంపిస్తారా?" అంది. సాయంత్రం నాలుగున్నర బస్సులో నందిగామ దాటుతుండగా పంపించాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి, అంతే.

ఇంటికొచ్చి పాత పోస్టు తెరిచాను. ఆ వాక్యం కొట్టేసి, నాలుగేళ్ల నిబంధన పెద్ద అక్షరాలతో పైన రాశాను. ఎవరికి పనికొస్తుందో తెలియదు, ఆమెకైతే రాదు. వచ్చే ఏడు మళ్లీ అప్లై చేసినా ఆ మూడేళ్లు నాలుగు కావు. ఊరి బడిలోంచి తీసి పట్నం బడిలో వేసిన రోజున ఆ తల్లి చేసింది తప్పని ఎవరైనా ఎలా అంటారు? నాది మాత్రం తప్పే. మూడుసార్లు చదివానని ఆ పిల్ల రాసింది. రాసిన నేను ఒక్కసారి నిబంధనల కాగితం చదవలేదు. ఈ దారిలో వెళ్లాలనుకునే తల్లిదండ్రులకి ఒకే ఒక్క మాట: బస్సెక్కే ముందు, చేతిలో ఉన్న ఇంకో సీటు వదులుకునే ముందు, పిల్లలు ఒకటి నుంచి పది దాకా ఏ ఏడు ఏ బడిలో చదివారో కాగితం మీద రాసుకుని, ఆ కాలేజీ ఆఫీసులోనే చూపించి అడగండి. నాలాంటివాళ్లు రాసింది చదివి మాత్రం వెళ్లకండి.