లీటా బల్ల మీద మూడు పిస్టళ్ళు

మా చెల్లెలు లీటా ఫ్యూగేట్ ఎనిమిదో తరగతితో బడి మానేసింది. నేను అంతవరకైనా పోలేదు. అయినా మా కౌంటీలో పిస్టల్ కొనుక్కోవాలంటే పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా దాని బల్ల ముందు నిలబడి, అది అడిగినదానికి బుద్ధిగా జవాబు చెప్పాల్సిందే. ముప్పై ఏళ్ళకు పైగా ఇదే వరస. చెల్లెలని పొగడడం లేదు. చెల్లెలు కాకపోయినా ఇదే రాసేదాన్ని, కాస్త తక్కువ రాసేదాన్నేమో.

ఎస్టిల్ గారి ఇనుప సామాన్ల దుకాణంలో మేకులు తూచడానికి చేరింది. ఆ ఏడే ప్లాస్టిక్ ఒళ్ళున్న పిస్టల్ మొదటిసారి మా కొండల్లోకి వచ్చింది. బొగ్గు గనిలోంచి పైకొచ్చిన మగవాళ్ళు దాన్ని చేతుల్లో ఎగరేసి, పిల్లల నీళ్ళ తుపాకీ అని నవ్వారు. లీటా నవ్వలేదు. మధ్యాహ్నం మొక్కజొన్న రొట్టె తింటూనే దాన్ని విప్పింది, బిగించింది, మళ్ళీ విప్పింది.

"మీ ఇనుప పిస్టళ్ళలో ఉన్న ముక్కల్లో సగం కూడా ఇందులో లేవు. చెమటకి ఒళ్ళు తుప్పు పట్టదు. పదేళ్ళలో మీరే వచ్చి వరసలో నిలబడతారు," అంది.

ఏడేళ్ళకే నిలబడ్డారు. ఎస్టిల్ గారు లీటాని మేకుల దగ్గర్నుంచి తీసి తుపాకుల బల్ల వెనక పెట్టారు.

ఏది మంచి పిస్టల్ అని అడిగితే అది చెప్పదు. ముందు తూటాలుండే మ్యాగజైన్ తీస్తుంది, పై భాగాన్ని వెనక్కి లాగుతుంది, లోపల తూటా లేదని కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి, అప్పుడు చేతికిస్తుంది. కళ్ళు మూసుకోమంటుంది. గోడ మీదున్న దుప్పి తలవైపు ఎత్తమంటుంది. ఎత్తాక కళ్ళు తెరిస్తే పిస్టల్ మూతి మీది బొడిపే వెనకున్న గురి గాడీ ఒకే వరసలో కనబడాలి. మణికట్టు తిప్పి సర్దుకున్నావా, తీసేసుకుంటుంది. "మొగుడితోనైతే సర్దుకుపోవచ్చు. దీనితో కుదరదు," అంటుంది.

పోయిన అక్టోబరులో మా కౌంటీ పోలీసులకు పెద్ద షెరీఫ్ బ్రాషియర్, తన కింది తొమ్మిదిమంది డిప్యూటీలకీ కొత్త పిస్టళ్ళు కొనాలనుకున్నాడు. మూడు కంపెనీలు నమూనాలు పంపాయి. షెరీఫ్ వాటిని తెచ్చి లీటా బల్ల మీద పెట్టి, చూసి చెప్పమన్నాడు. ఆ వారంలోనే రెన్నా సైజ్‌మోర్ సంగతి వచ్చింది.

తొమ్మిదిమందిలో రెన్నా ఒక్కతే ఆడది. డిప్యూటీల గురి పరీక్షలో యాభై తూటాల్లో నలభై తగలాలి. మొదటిసారి ముప్పై మూడు, రెండోసారి ముప్పై అయిదు. శుక్రవారం మూడోసారి. అదీ తప్పితే బ్యాడ్జి ఇచ్చేసి, ఇదివరకు చేసిన కోళ్ళ ఫ్యాక్టరీకి పోవాలి. పరీక్ష పెట్టేది మా ఆయన వెండెల్. డిప్యూటీలకు గురి నేర్పేది ఆయనే.

బుధవారం రెన్నా దుకాణానికొచ్చింది. చేతిలో స్ప్రింగు పట్టుకుని నొక్కుతూనే ఉంది.

"తూటాలు మళ్ళీ కిందకీ ఎడమకీనా?" అంది లీటా.

"అంతే, లీటమ్మా. ట్రిగ్గర్ గుంజుతున్నానంటారు వెండెల్ గారు. చేతిలో బలం లేదంట. రెండు నెలలుగా ఇది నొక్కుతున్నా. బలమొచ్చి పచ్చడి సీసాల మూతలు మాత్రం బాగా తీస్తున్నా."

"ఏదీ, చెయ్యి చూపించు."

బొటనవేలు మొదట్లో ఎముక మీద చర్మం లేచిపోయి నీలంగా ఉంది. పేల్చినప్పుడల్లా పిస్టల్ అక్కడే తంతుందని రెన్నా చెప్పింది.

"అక్కడ తన్నకూడదే పిల్లా. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులో తన్నాలి. నువ్వేం గుంజడం లేదు. పిడి లావు. ట్రిగ్గర్ అందక పిస్టల్నే చేతిలో పక్కకి తిప్పుకుంటున్నావు."

మా వైపు ఏ గురి మైదానంలోనైనా ఒక కాయితం వేలాడుతుంది. గుండ్రంగా, ముక్కలు కోసిన రొట్టెలా గీతలుంటాయి. చిల్లు ఏ ముక్కలో పడితే తప్పేమిటో అందులో రాసి ఉంటుంది. కింద ఎడమన పడితే ట్రిగ్గర్ గుంజుతున్నట్టు. మా మగవాళ్ళు ప్రార్థన పుస్తకంకన్నా ఆ కాయితాన్ని ఎక్కువ నమ్ముతారు. చిల్లు చూస్తారు, కాయితం చూస్తారు. పేల్చిన చెయ్యి చూడరు.

లీటా ఫోన్ చేసి మా ఆయన్ని పిలిపించింది. నన్నూ తీసుకొచ్చాడు, బీన్స్ పులుసు గిన్నె మోయడానికి.

"ముప్పై ఏళ్ళుగా నేర్పిస్తున్నా, లీటా. కాయితం అబద్ధం చెప్పదు," అన్నాడు.

"చెప్పదు బావా. దానికి చెయ్యి కనబడదు, అంతే."

మూడింటినీ వరసగా పెట్టింది. గురి చూపే ఎర్ర చుక్క అద్దం బిగించుకోవడానికి మూడింటికీ పైన చోటుంది కాబట్టి దాని గురించి మాట్లాడాల్సిన పని లేదంది. నల్లది ఇప్పుడు వాళ్ళు వాడుతున్నదానికే కొత్త రూపు. మా ఆయన మనసు దాని మీదే.

"దీనికి పిడి వెనక తగిలించుకునే పలకలిచ్చారు కదా," అన్నాడు.

"తగిలిస్తే లావవుతుంది. తీసేస్తే పాత లావే. రెన్నా చేతికి ఆ పాత లావే ఎక్కువ."

ఇసుక రంగుదానికి మూడు కొలతల వీపు పలకలున్నాయి. చిన్నది వేస్తే ట్రిగ్గర్ కాస్త దగ్గరకొస్తుంది, పక్కల వెడల్పు మాత్రం తగ్గదు. రెన్నా కళ్ళు మూసి ఎత్తింది. తెరిస్తే గురి దుప్పి చెవి మీదుంది.

మూడోది బూడిద రంగుది. లీటా దాన్ని విప్పి, లోపల్నుంచి అరచేతంత ఉక్కు ముక్క బయటికి తీసింది. ట్రిగ్గర్ దానికే ఉంది, పిస్టల్ నంబరూ దాని మీదే ఉంది.

"చట్టానికి పిస్టలంటే ఇదొక్కటే. ప్లాస్టిక్ దీనికి చొక్కా. పెద్దది తీసి చిన్నది తొడగొచ్చు. పైగా విప్పడానికి ట్రిగ్గర్ నొక్కనక్కర్లేదు. లోపల తూటా మర్చిపోయి ట్రిగ్గర్ నొక్కి గోడకి కన్నం పెట్టినవాళ్ళు మన ఊళ్ళోనే ఇద్దరున్నారు. పేర్లు చెప్పనులే, బావా."

మా ఆయన దగ్గాడు. "గొట్టం చేతికి మరీ ఎత్తులో ఉంది దీనికి. పేలిస్తే మూతి పైకి లేస్తుంది."

"నిజమే. నల్లదానికన్నా ఎక్కువే లేస్తుంది. సందులో తన్నితే ఆ మాత్రం ఓర్చుకోవచ్చు."

చిన్న చొక్కా తొడిగి ఇచ్చింది. రెన్నా కళ్ళు మూసింది, ఎత్తింది, తెరిచింది. ఏమీ సర్దుకోవాల్సి రాలేదు. అలాగే నిలబడి దుప్పి ముక్కు వైపు చూస్తూ ఉండిపోయింది.

"రెండు రోజుల్లో కొత్త పిస్టలా? తప్పితే నన్ననకూడదు," అన్నాడు మా ఆయన.

"పాతదానితో రెండు నెలలు నేర్పారు కదండీ. రెండుసార్లు తప్పితే మిమ్మల్నెవరన్నా ఏదన్నా అన్నారా?" అంది రెన్నా.

నాకా పిల్ల అప్పుడు నచ్చింది.

మూడింటిలో దేనితో పరీక్ష ఇచ్చినా సరేనని షెరీఫ్ ఒప్పుకున్నాడు. గురువారం రెన్నా రెండొందల తూటాలు పేల్చింది. శుక్రవారం పొద్దున చినుకులు పడుతున్నాయి. లీటా దుకాణాన్ని పని కుర్రాళ్ళకొదిలి వచ్చి, చేతులు కట్టుకుని కంచె దగ్గర నిలబడింది. మొదటి అయిదూ నడిమి గడిలోనే పడ్డాయి. పాతిక గజాల దూరం నుంచి పేల్చినవాటిలో నాలుగు పైకెగిరాయి. అవి పైకే ఎగిరాయి, ఎడమకి పోలేదు.

మా ఆయన ఒకసారి లెక్కపెట్టాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాడు. నలభై ఆరు.

రెన్నా పిస్టల్ ఖాళీ చేసి, లోపల చిటికెన వేలు పెట్టి తడిమి, ఒరలో పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. లీటా ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి, "డ్యూటీకి ఆలస్యమవుతోంది, పో," అంది.

షెరీఫ్ తొమ్మిదీ బూడిద రంగువే ఆర్డరు రాయమన్నాడు, ఎవరి చేతికి తగ్గ చొక్కా వాళ్ళకి. తొమ్మిది చేతులూ కొలవాల్సింది లీటానే.

మా ఆయన మాత్రం కదలలేదు. కారు బానెట్ మీద రెన్నా తప్పిన పరీక్షల రిపోర్టు కాయితాలు రెండూ పరిచాడు. ఆ పిల్ల ఎక్కడ ఉద్యోగం చేసినా అవి వెంట పోతాయి. రెండింటి మీదా తను రాసిన 'ట్రిగ్గర్ గుంజుతోంది' అన్నదాన్ని కొట్టేశాడు. పక్కన 'పిడి లావు, తప్పు నాది' అని రాసి సంతకం పెట్టాడు. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆ రెండో మాట ఆయన నోట నేను వినలేదు. మా చెల్లెలు ఏకంగా రాయించింది.