నాన్న కారుకి నేను నూనె రాసిన రోజు

మొన్న వానలు కాస్త తెరిపిచ్చిన మధ్యాహ్నం, మా పాత కారుకి బ్రేకులు మార్పిద్దామని ఊరి చివర మింగళాడోన్‌లో ఒక షెడ్డుకి వెళ్ళి, ఎదురుగా బండి దగ్గర కొనుక్కున్న వేడి వేడి పప్పుగారెలు కాగితంలో పెట్టుకుని తింటూ, చక్రం విప్పేశాక లోపల తళతళలాడుతున్న ఉక్కు పళ్ళేన్ని చూసి, ఊరుకోలేక చిన్నపిల్లలాగా వేలితో ముట్టుకున్నాను. అదింకా వేడిగానే ఉంది. నా వేలికున్న గారెల నూనె దానికంటి సన్నటి కమురు వాసన లేచింది. అంతే, మెకానిక్ కో ఆంగ్ "అమా! అమా!" అని, అంటే బర్మా మాటలో అక్కా అక్కా అని కేకలేస్తూ వచ్చి నా చెయ్యి పట్టి లాగేశాడు. ఆ పళ్ళెమే డిస్కు, బ్రేకు నొక్కితే దాన్ని రెండు వైపులా అదిమి పట్టుకుంటేనే చక్రం ఆగుతుంది, దానికి నూనె తగిలిందా ఎంత తొక్కినా పట్టు దొరకదు, బండి నీ మాట వినదు, అని బర్మాలో గడగడా చివాట్లు పెట్టి, గుడ్డ తెచ్చి తుడవడం మొదలెట్టాడు. నా నోట్లో గారె నోట్లోనే ఉండిపోయింది. ఇరవై ఆరేళ్ళ కిందటి దసరా పొద్దున నేనేం చేశానో నాకప్పుడు, ఆ షెడ్డులో, మొట్టమొదటిసారి తెలిసింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఇదే ఊళ్ళో సేక్కాన్ రేవు వెనకాల రేకుల కప్పుల లైనిళ్ళు ఉండేవి, అందులో మాది చివరి నుంచి మూడోది. మా ముత్తాత కళింగపట్నం వైపు నుంచి ఓడెక్కి బర్మాకి మూటలు మొయ్యడానికి వచ్చినవాడట, తాత గొలుసులు లాగాడు, నాన్న వెల్డింగు పనిలో కుదిరాడు. వానలు మొదలైతే నాలుగైదు నెలలు రేకుల మీద ఆ మోతలో ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు, చెప్పులకి బూజు పట్టేది, ఆరేసిన లంగా మూడో రోజుకీ తడిగానే ఉండి ముక్క వాసనేసేది. పొద్దున్నే పక్కింటి డా ఖిన్ పెద్ద గుండిగలో మొహింగా కాచేది, ఆ చేపల పులుసు వాసనా, మా వాకిట్లో నాయనమ్మ నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే చుట్ట వాసనా కలిసిపోయి, నాకిప్పటికీ ఆ రెండూ వేరుచేసి చెప్పడం రాదు. మేం ఆడపిల్లలం మొహానికి తనకా, అంటే బర్మా వాళ్ళ చెక్క గంధం, పూసుకుని తొక్కుడుబిళ్ళ ఆడుకుంటుంటే, సాయంత్రమయ్యేసరికి మా చిన్నమావ, అంటే అమ్మ తమ్ముడు అప్పారావు, లుంగీ ఎగ్గట్టి బర్మా కుర్రాళ్ళతో వెదురు బంతి చిన్లోన్ ఆడేవాడు. బంతిని చేత్తో ముట్టకుండా మోకాలితో, మడమతో, పాదం పక్కతో గాల్లోనే నిలబెట్టేవాడు. వీపు వెనక్కి వచ్చిన బంతిని కూడా చూడకుండా కాలితో లేపేవాడు, రేవులో కూలీలందరూ ఆగి చూసేవాళ్ళు.

ఒకరోజు నాన్న లారీలో మూడు చెక్కపెట్టెలు దింపించాడు. జెట్టీ పని చూసిన విదేశీ ఇంజనీరొకాయన సరదాగా తెప్పించుకున్న కారట, విడివిడి ముక్కలుగా. విప్పకుండానే ఆయనకి దేశం విడిచి వెళ్ళాల్సొచ్చి, తన దగ్గర చక్కగా పని చేసిన నాన్నకి ఇచ్చేసి, నువ్వే పూర్తి చెయ్యి అని వెళ్ళిపోయాడు. పెట్టెలు విప్పితే ఏముంది? సన్నటి గొట్టాల బోను, పల్చటి అల్యూమినియం రేకులు, పడవ ముక్కులాంటి ఫైబరు ముక్కు, నాలుగు కమ్మీల చక్రాలు, సంచుల నిండా రివెట్లు, బొమ్మల పుస్తకం. అమ్మ చెయ్యి బుగ్గన పెట్టుకుంది. "ఓలమ్మో! తలుపుల్నేవు, కప్పు నేదు. ఇది కారేటి, కుడితి గోలేమా?" అంది. లైన్లో అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి, నేను చూశాను.

అది పూర్తవడానికి రెండు వానాకాలాలు పట్టింది. రేవు పని అయిపోగానే వచ్చి, చల్దన్నం తిని, టార్పాలిన్ కింద దూరేవాడు. తుక్కులో పడున్న వ్యానులోంచి ఇంజను తెచ్చి ముక్క ముక్కా విప్పి కిరసనాయిలులో కడిగాడు. ఆ కారు గొప్పంతా బరువు లేకపోవడంలోనే ఉందని నాన్నకి పుస్తకం బొమ్మల్లోంచే అర్థమైపోయి, బోల్టు పొడుగెక్కువైతే ఆ మిగులు కోసేసేవాడు, దళసరి రేకు బదులు పల్చటిది వేసేవాడు, చివరికి సీట్లలో దూది కూడా సగం తీసేశాడు. ఇంజను ఎక్కించక ముందు ఆ బోనుని నాన్నా మావా చెరో పక్కా పట్టి మంచం ఎత్తినట్టు ఎత్తేశారు, నేను కింద నుంచి దూరి అవతలికి వెళ్ళాను. పెట్టెలో వచ్చిన బ్రేకు పైపులు మాత్రం ఆ చక్రాల బిగింపులకి సరిపడలేదు. నాన్న రాగి పైపు సంపాదించి, వంచి, దాని మూతి గరాటులా తానే విచ్చదీసి, ఒక్కో మూతికీ సబ్బు నీళ్ళు రాసి గాలి పట్టించి బుడగ వస్తుందేమోనని కళ్ళు చికిలించి చూసుకుని, పాడైనవి పారేసి, మళ్ళీ చేసి బిగించాడు.

ఇంతా ఎందుకు చేశాడంటే, నాన్న జన్మంతా ఇతరుల ఓడలకి మాట్లు వేసినవాడే. చిల్లు పడితే పిలుస్తారు, మూశాక మర్చిపోతారు. ఒక్కటంటే ఒక్కటి, మొదట్నించి చివరిదాకా తన చేత్తో చేసింది రోడ్డు మీద పరిగెత్తాలి, లైన్లో అందరూ చూడాలి, ముఖ్యంగా అమ్మ చూడాలి. అంతకన్నా ఇంకేమీ లేదు. "దసరాకి రోడ్డెక్కిచ్చీస్తాను, సూడు," అని అమ్మతో పందెం కాశాడు.

దసరా మా రేవు మనుషులకి ఇనుము పండగ. కొక్కేలు, గొలుసులు, కప్పీలు, సుత్తులు అన్నీ వాకిట్లోకి తెచ్చి చింతపండుతో తోమి, ఆరబెట్టి, నువ్వుల నూనె పట్టించి, పసుపు పూసి బొట్లు పెట్టేవారు. ఈ ఊరి వానకి నూనె లేని ఇనుము వారంలో తుప్పు పట్టిపోద్దని ముత్తాత నాటి నుంచి ఆనవాయితీ, నూనె రాసే పని ఇంటి ఆడపిల్లది. ఆ పొద్దున వంటింట్లో గారెలు వేగుతున్నాయి, పులిహోరకి ఇంగువ పోపు పడింది, నాన్న పూలకి వెళ్ళాడు. నాయనమ్మ నూనె గిన్నె నా చేతికిచ్చి, "గుంటా, మెరిసిన ఇనుమేదీ ఒగ్గీకు. కారుకీ రాయి," అంది. సుత్తులకి రాశాను, కొక్కేలకి రాశాను, కారు దగ్గరికొచ్చాను. కమ్మీల సందుల్లోంచి అన్నిటికన్నా మెరుస్తున్నవి ఆ పళ్ళేలే! అద్దంలా నా మొహం కనపడుతోంది. ఎంత ముద్దొచ్చాయో ఏం చెప్పను. వేళ్ళు దూర్చి నాలుగు చక్రాలకీ, ముందు వైపూ, వేలు పట్టినంత మేర వెనక వైపూ, గిన్నె ఖాళీ అయ్యేదాకా పట్టించాను. నాయనమ్మ చూసి, "నా తల్లే," అని నా తల నిమిరింది.

డా ఖిన్ వచ్చి ఎర్రగుడ్డా తెల్లగుడ్డా కలిపి స్టీరింగుకి కట్టి వాళ్ళ దేవతలకి మొక్కింది. నాన్న కొబ్బరికాయ కొట్టాడు. ఈ దేశంలో బండ్లు రోడ్డుకి కుడి పక్క నడుస్తాయి, ఆ కారుకేమో స్టీరింగు కూడా కుడి వైపే, ముందున్న బండిని దాటాలంటే డ్రైవరుకి ఎదురొచ్చేది కనపడదు, ఎడమ సీటులో మనిషి తల బయటపెట్టి రా, ఆగు అని చెప్పాలి. అందుకని చిన్నమావ ఎక్కాడు. అందరం కలిసి నిమ్మకాయల మీదుగా కారుని నెట్టాం. సందులో నత్తలా నడిపి, పెద్ద రోడ్డెక్కగానే నాన్న వేగం పెంచాడు. ఆ చప్పుడుకి కాకులు లేచిపోయాయి, మేం పిల్లలం ఈలలేస్తూ వెనకాల పరిగెత్తాం. అమ్మ నోరు తెరిచి నిలబడిపోయింది, తర్వాత చప్పట్లు కొట్టింది. అమ్మ చప్పట్లు కొట్టడం నేను ముందెన్నడూ చూడలేదు.

రెండొందల అడుగులు పోయిందో లేదో, పక్క సందులోంచి ఉల్లిపాయల బస్తాలతో సైకిల్ రిక్షా ఒకటి అడ్డమొచ్చింది. కారు ఆగుతుందనే అందరం చూస్తున్నాం. ఆగలేదు. కొంచెం కూడా తగ్గలేదు! రిక్షావాణ్ణి తప్పించడానికి నాన్న స్టీరింగు తిప్పేశాడు, కారు ఎడమ మూల పెద్ద కాలవ గోడకి గుద్దుకుని బురదనీళ్ళలో ఒరిగింది. చిన్నమావ అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఎడమ మోకాలు చితికిపోయింది.

నాన్నకి గీత కూడా పడలేదు. మావని రిక్షాలోనే ఆస్పత్రికి పంపించాక కాలవలోకి దిగి చూస్తే, ముందు చక్రం దగ్గర తాను చేసిన పైపు మూతి ఊడిపోయి బ్రేకు ఆయిలు బురదలోకి కారుతోంది. ఆ గుద్దుడుకే ఊడిందేమో అని ఎవరూ అనలేదు, ఆయనా అనుకోలేదు. "నా సెయ్యే," అన్నాడు, అంతే. నెల తిరక్కుండా గ్యాసు మంటతో కారుని తానే ముక్కలు కోసేశాడు. నేను గుమ్మం పట్టుకుని ఏడ్చాను, ఎందుకేడుస్తున్నానో కూడా తెలీకుండా.

మావ మళ్ళీ చిన్లోన్ ఆడలేదు. కుర్చీ వేయించుకుని చూసేవాడు, తర్వాత చూడ్డం కూడా మానేశాడు. అమ్మ ఎప్పుడూ నా తమ్ముడి కాలు తీసేశావని నోరు తెరిచి అనలేదు. కానీ ఇంట్లో ఫ్యాను ఆగినా, కుళాయి కారినా, నాన్న స్క్రూడ్రైవరు కోసం లేవబోతే, "నీకొద్దు, మేస్త్రీని పిలుద్దాం," అనేది. కారు చేసిన మనిషి, ఎవరో వచ్చి ఫ్యాను బిగిస్తుంటే మంచం మీద కూచుని పైకి చూస్తూ ఉండేవాడు. ఆఖరిదాకా అదే మాట, రెండేళ్ళ కిందట ఆవిడ పోయేదాకా.

మింగళాడోన్ నుంచి లమ్మడాలో మా నాలుగో అంతస్తు ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలీదు. నాన్న బాల్కనీలో కూచుని చిక్కుడుకాయలు వలుస్తున్నాడు. మెట్లెక్కిన ఆయాసంతోనే నిలబడి అంతా చెప్పేశాను. చెంప మీద కొడతాడనుకున్నాను, కొడితే బావుణ్ణనుకున్నాను.

"నాలుగు సక్రాలకీనేటి?" అన్నాడు.

"నాలుగిటికీ."

"ఎనకాల పక్కా?"

"వేలు పట్టినంత మేరా."

ఒళ్ళో గిన్నె జారి కాయలన్నీ దొర్లిపోయాయి. చెప్పు విడిచి, కుడికాలు ముందుకి చాపి గాల్లోనే మెల్లిగా నొక్కి చూశాడు. "గట్టిగానే ఉంది," అన్నాడు. "పెడలు గట్టిగానే ఉందే అమ్మీ! పైపు ముందే ఊడిపోతే కాలు కిందకి దిగిపోవాల. దిగనేదు. బయానికి నాకలాగనిపించినాదనుకున్నాను... ఇన్నేళ్ళూ." నన్ను తిట్టలేదు. తొమ్మిదేళ్ళ పిల్లనే కావచ్చు, ఎవరూ చెప్పకపోవచ్చు, అయినా ఒక మనిషి చేతుల్లోంచి ఆయన పనితనాన్ని ఇరవై ఆరేళ్ళు లాగేసుకున్నాను కదా.

"మావకి ఫోను కలుపు," అన్నాడు. కలిపాను. "ఒరే అప్పారావూ, నా పైపులు కారనేదురా," అని మొదలెట్టి, చెప్పలేక ఏడ్చేశాడు. అవతల మావ ఏమన్నాడో వినపడలేదు. చాలాసేపటిదాకా నాన్న ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.

పెట్టేశాక నాన్న కళ్ళు తుడుచుకుని, "ఇంకెవులికి సెప్పాలే?" అని అడిగాడు. ఆ రోజు కాలవ గట్టున నిలబడి తల అడ్డంగా ఊపిన వాళ్ళని ఒక్కొక్కళ్ళనీ తలుచుకున్నాను. నాయనమ్మ పోయింది. డా ఖిన్ పోయింది. లైనిళ్ళు పడగొట్టి గోదాములు కట్టారు, అందులో వాళ్ళు ఎటు చెదిరిపోయారో తెలీదు, దసరాకి ఇనుము తోమే ఇల్లు ఇప్పుడీ ఊళ్ళో ఒక్కటైనా ఉందో లేదో తెలీదు. అందరికన్నా ముందు వినాల్సిన అమ్మ లేదు.

"నాకు చెప్పు నాన్నా," అన్నాను, నేల మీద కూచుని కాయలేరుతూ. నాన్న కుర్చీ ముందుకి లాక్కుని, రాగి పైపు మూతి విచ్చదియ్యాలంటే ముందు ఎంత పొడుగు వదలాలో, రెండు వేళ్ళు ఎత్తి చూపిస్తూ మొదట్నించీ చెప్పడం మొదలుపెట్టాడు.