ఆ శుక్రవారం ఖాళీగా మిగిలిన గడి

ముందుగా నాకు కచ్చితంగా తెలిసినవి. జనవరిలో ఒక శుక్రవారం తెల్లవారుతుండగా మా ఊరు పిస్కాటవే నుంచి వాషింగ్టన్‌లో గర్భస్రావానికి వ్యతిరేకంగా ఏటా జరిగే ర్యాలీకి ఒక బస్సు బయలుదేరింది, అందులో నేనున్నాను. గర్భిణులకు సాయం చేసే మా ఊరి చిన్న కేంద్రానికి ఆ రోజంతా తాళం వేసి ఉంది. మధ్యాహ్నం ఒక అమ్మాయి అక్కడి ఫోన్‌లో సందేశం వదిలింది; దాన్ని నా చెవులతో విన్నాను. ఇక, అంతకు ముందు ఏడాది ర్యాలీలో మావాళ్ల బ్యానర్ చూసి ఒకామె గర్భస్రావం ఆలోచన మానుకుందన్నది వినికిడి మాత్రమే. నాకు చెప్పినవారికి ఇంకెవరో చెప్పారు. ఆ ఇంకెవరో ఎవరన్నది ఎవరికీ గుర్తులేదు.

కేంద్రాన్ని నడిపేది మా పక్కింటావిడ. తెలుగు చర్చివారు కొందరు వంతులవారీగా అక్కడ కూర్చుంటారు. గర్భంలోని బిడ్డకు బతికే హక్కు ఉందన్న విషయంలో ఆవిడకు సందేహం లేదు. నాకు సందేహాలు వృత్తిరీత్యా వచ్చాయి: మందుల కంపెనీలో ప్రయోగాల సమాచారాన్ని సరిచూడడం నా ఉద్యోగం. అందుకే ఆవిడ నన్ను పిలిచారు.

"మీరు దేన్నీ ఊరికే నమ్మరు కదా అన్నయ్యగారూ. ఒక్కసారి మాతో రండి. ఇంతమంది నడిస్తే ఏమైనా ఒరుగుతుందో లేదో మీరే చెప్పండి."

"ఒరగదంటే?"

"రిటర్న్‌లో మీకు పులిహోర కట్."

ప్రయాణానికి ఆవిడ వాట్సాప్ గ్రూపులో ఒక షీట్ పెట్టారు. పులిహోర ఎవరు, పెరుగన్నం ఎవరు, ఫ్లాస్కులు ఎవరు అన్న గడులు ఒక్క పూటలో నిండిపోయాయి. బస్సు సీట్ల జాబితాను నేనే రెండుసార్లు సరిచూశాను. అదే షీట్‌లో, పక్క పేజీలో, కేంద్రం వంతుల పట్టిక ఉంది. అందులో శుక్రవారం గడి ఖాళీ. ఆ పేజీని నేను తెరవలేదు.

వాషింగ్టన్‌లో చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. కనుచూపు మేర జనం. రోడ్డు పక్కన నిలబడినవారిలో చప్పట్లు కొట్టేవారు కనిపించారు, తిట్టేవారు కనిపించారు. మనసు మార్చుకుంటున్నవారు కనిపించలేదు. అయితే అది ముఖంలో కనిపించే విషయం కాదు. తిరుగు ప్రయాణంలో నా వెనక సీటులోని పెద్దావిడ మాత్రం, "ఆఫీస్‌లో ఈ మాటెత్తితే నన్నొక వింత జంతువులా చూస్తారు బాబూ. ఇవాళ ఒంటరిదాన్ని కాననిపించింది" అన్నారు. ఆవిడ, బస్సులోని మరొకరు ఆ తరువాత కేంద్రంలో పనిచేయడానికి వచ్చారు. ఇది నేను స్వయంగా చూసింది.

శనివారం ఉదయం పక్కింటావిడ నన్ను పిలిచి సందేశం వినిపించారు.

"అక్కా, ఫ్రైడే రమ్మన్నారు కదా, వచ్చాను. లాక్ చేసి ఉంది. మండే నాకు క్లినిక్‌లో అపాయింట్‌మెంట్. అంతకు ముందు ఒకసారి మీతో మాట్లాడదామనుకున్నా. సర్లే అక్కా."

నంబరు కనబడలేదు. అంతకు ముందు ఒక్కసారి ఫోన్ చేసిన విద్యార్థిని అని మాత్రం ఆవిడకు తెలుసు.

"నేనే రమ్మన్నాను అన్నయ్యగారూ. బస్సు హడావుడిలో మర్చిపోయాను."

"షీట్ సరిచూసింది నేనమ్మా, ఆ పేజీ తెరవనేలేదు" అన్నాను.

కోటు కూడా విప్పకుండా ఆవిడ ఫోన్ పక్కన కూర్చున్నారు. ఆదివారం చర్చికి వెళ్లలేదు. ఫోన్ మోగలేదు. సోమవారం గడిచిపోయింది.

ఆవిడ అడిగినదానికి చాలా రోజుల తరువాత జవాబిచ్చాను: ర్యాలీ నడిచినవారికి బలమిస్తుంది, ఆ బలం కొన్నిసార్లు పనిగా మారుతుంది, నడవనివారి మనసు మారుస్తుందనడానికి నా దగ్గర ఆధారం లేదు. ఆవిడ వాదించలేదు. ఈ ఏడాది శుక్రవారం గడి నిండాకే బస్సు పేజీ తెరిచారు. ఆ గడిలో మొదటి పేరు ఆవిడదే.

ఆ రోజు తలుపు తెరిచి ఉంటే ఆ అమ్మాయి నిర్ణయం వేరుగా ఉండేదా? అసలు ఆమె ఏం నిర్ణయించుకుందో కూడా మాకు తెలియదు. పేరు అడగబోమని ఆవిడ మాటిచ్చాకే ఆ మొదటి ఫోన్‌లో ఆమె నోరు విప్పింది. ఆ మాట తప్పితేగాని ఆమెను వెతకలేం.