మా వదిన వేసిన అన్నయ్య బొమ్మ

నిన్న పొద్దున అమ్మ ఫోన్ చేసింది.

"ఒసే, మీ వొదిన లెగట్నేదే. ఎంత పిలిసినా పలకట్నేదు."

విజయనగరం నుంచి నేను గజపతినగరం చేరేసరికే వదినని చాప మీద పడుకోబెట్టేశారు. నిద్రలోనే హార్ట్ ఆగిపోయిందట. గోళ్ళ సందుల్లో ఇంకా తెల్ల పెయింట్ ఉంది.

ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

మా సుజాత వదిన ఆర్డర్ మీద పోర్ట్రెయిట్స్ వేసేది. మా వైపు చాలా ఇళ్ళలో గోడ మీద దండలతో ఉన్న తాతలూ నాయనమ్మలూ ఆవిడ వేసినవాళ్ళే. ఆయిల్ పెయింట్ తడి మీద ఉండగానే మెత్తటి కుంచెతో నిమిరి నిమిరి, ఒక రంగు ఎక్కడ ఆగిందో ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలీకుండా బ్లెండ్ చేసేది. బుగ్గ మీద కుంచె జాడ కనిపించిందంటే ఆవిడకి పరువు పోయినట్టే.

నేనూ బొమ్మలు వేస్తాను. నాది రఫ్ బ్రష్‌వర్క్, కుంచె జాడలు అలాగే వదిలేస్తాను.

"ఏటమ్మా, మొకానికి మట్టి మెత్తినావు?" అని నవ్వేది.

కొన్నేళ్ళ క్రితం అన్నయ్య పోయాడు. ఉన్నట్టుండి, బస్టాండ్‌లో కుప్పకూలి.

వదిన ఫొటో చూసి అన్నయ్యని వేసింది. అచ్చం ఫొటోలానే, నున్నగా వచ్చింది. అమ్మ చాలాసేపు చూసింది.

"బాగున్నాడే. కానీ నన్ను ఎరగనట్టు సూస్తన్నాడు."

వదిన రంగులు కలిపే కత్తి అందుకుంది. ఆ తడి ముఖాన్ని గీకేసింది. ఫొటో బోర్లా పెట్టేసింది. నా పెద్ద కుంచె అడిగి తీసుకుంది.

ఈసారి ఒక్క చోటా నిమరలేదు. దవడ మీద ఆకుపచ్చ, కంటి కింద ఇటుక రంగు... మందంగా, కోపంగా వేస్తూనే ఉంది. దగ్గర్నుంచి చూస్తే ఉత్త రంగు ముద్దలు. గుమ్మంలోంచి చూస్తే, అన్నయ్య ఇప్పుడే మనవైపు తల తిప్పబోతున్నాడు.



అమ్మ వచ్చి బొమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఒరే, అన్నం తిన్నావా?" అంది.

వదిన చేతిలోంచి కుంచె జారిపోయింది.

ఆ బొమ్మ లోపలి గదిలోనే ఉండిపోయింది. అమ్మ రోజూ వెళ్ళి దాంతో మాట్లాడుతుంది. వదిన మాత్రం మళ్ళీ ఎవరినీ అలా వెయ్యలేదు. అంత బాగా వచ్చు కదా, ఎందుకు వెయ్యవని ఒకసారి అడిగాను.

"నున్నగా ఏస్తే పోయినోళ్ళు నిద్దరోతారమ్మా. అలగ ముద్దలుగా ఏస్తే లెగిసి కూకుంటారు. మీ అన్న పడుకోట్నేదు. ఆ గదిలోకెళ్ళాలంటే నాకు బయ్యం."

ఇవాళ పొద్దున బంధువులు వదిన బొమ్మ నన్నే వెయ్యమన్నారు. నున్నగానే వేద్దామనుకున్నాను. ఆవిడ కోరుకునేది అదే కదా.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నున్నగా ఎయ్యకే. దాంతో మాటాడాల. ఈ ఇంట్లో నాకింకెవులున్నారు?"

కాదనలేకపోయాను.

క్షమించు వదినా. అమ్మ ఉన్నన్నాళ్ళూ మేలుకునే ఉండు.

ఆ తర్వాత నువ్వూ అన్నయ్యా హాయిగా పడుకోండి.