రొట్టెలెక్కిన సైకిలు

కోకంద్ పట్టణంలో కుమ్మరుల వాడ జనానికి గడియారంతో పనిలేదు. నిషాన్‌బాయ్ సైకిలు బెల్లు మోగిందంటే పొయ్యిమీద టీ పెట్టాల్సిందే. వెనకాల ఒక చెక్కపెట్టె, దానిమీద ఇంకోటి, దానిమీద మరోటి, అన్నిటిమీదా పాత బొంత. లోపల, రొట్టెలు కాల్చి అమ్మే ఒయ్‌దిన్ తందూరులో అప్పుడే కాలిన రొట్టెలు. ఎదురుగా వస్తుంటే మనిషి కనబడేవాడే గానీ, దాటిపోయాక చూస్తే రొట్టెల పెట్టెలకి కాళ్లొచ్చి పోతున్నట్టుండేది.

అంత ఎత్తున ఎందుకంటారా? మిగతా రొట్టెలవాళ్లు చక్రానికి అటూఇటూ సంచులు వేలాడేసుకుని హాయిగానే తిరిగేవాళ్లు. నిషాన్‌బాయ్‌కి మాత్రం ప్రాణం ఒప్పేది కాదు. దారిలో రొట్టెముక్క కనబడితే కళ్లకద్దుకుని గోడమీద పెట్టి వెళ్లే మనిషి. అలాంటిది, తొక్కే కాళ్ల పక్కన రొట్టె ఊగడమా! "రొట్టెకి కాలిగాలి కూడా తగలకూడదురా" అని తల్లి చిన్నప్పుడు చెప్పిన మాట అరవై దాటినా చెవిలోనే ఉంది.

భార్య మొహిగుల్ బతికున్నప్పుడు పెట్టెలకి తాళ్లు ఆవిడే బిగించేది. ఆవిడ పోయాక ఆ పనీ ఆయనదే, పోట్లాడుకున్నా తనతో తనే. సాయంత్రం ఇంట్లో గుడ్డ పరిచి, రొట్టె తుంచి నాలుగు వైపులా పెట్టేవాడు. ఎవరూ చెయ్యి చాచి అడక్కూడదని వాళ్లలో అలాగే పెడతారు. ఒక ముక్క తినేవాడు. మిగతా మూడూ ఎండిపోతే పొద్దున టీలో నానేసుకునేవాడు.

అందుకే ఆయనకి పొద్దుటి తిరుగుడంటే అంత ఇష్టం. "అన్నా, రెండియ్యి!" "నిన్న మాడిందిచ్చావు, ఇవాళ తెల్లటిది తియ్యి!" ఇంతే మాటలు. గేటు సందులోంచి చెయ్యి వచ్చేది, రొట్టె అందుకునేది, పోయేది. రోజంతా ఆయన పేరు ఎవరైనా పిలిచేది అప్పుడే.

శరదృతువు మొదట్లో సైకిలు మూలగడం మొదలెట్టింది. సీటు స్ప్రింగే అనుకుని నూనె పోశాడు. టీకొట్టు ముందు ముసలాళ్లు ఊరుకుంటారా?

"నీ సైకిలు పాటలు నేర్చిందే నిషాన్‌బాయ్! పెళ్లి సంబంధం చూడమంటావా?"

"ముందు నీ గొంతు బాగుచేయించుకో, తర్వాత నా సైకిలు సంగతి చూద్దువుగాని."

ఒకనాడు కాలువ వంతెన ఎక్కుతుంటే కిందనుంచి టప్పుమంది. దిగి చూస్తే, సీటు కింది గొట్టం పెడళ్ల దగ్గర చిట్లి ఉంది. చీలికలోంచి తుప్పు, చెంపమీద కన్నీటి చారలా దిగింది. ఆ రోజుకి టేపు చుట్టి నడిపించుకొచ్చాడు.

ఒయ్‌దిన్ తందూరులోంచి తల పైకెత్తి చూసింది.

"ఏంటన్నా, సైకిలుకి కట్టు కట్టావు?"

"చిన్న దెబ్బేలే చెల్లెమ్మా."

"చిన్నదో పెద్దదో, మా మేనల్లుడు మూడుచక్రాల బండి కొన్నాడు. రేపు నీ బెల్లు వినబడకపోతే రొట్టెలు వాడికిస్తా. ఏమీ అనుకోకు, రొట్టె చల్లారితే తిట్లు తినేది నేను."

ఆయన ఏమీ అనుకోలేదు. సైకిలు భుజానేసుకుని తిన్నగా వెల్డింగు ఎర్గాష్ దగ్గరికెళ్లాడు. ఎర్గాష్ టేపు పీకి, ఆకురాయితో రంగు గీకి, సుత్తితో టకటకా కొట్టి విన్నాడు.

"లోపలంతా తుప్పు తినేసిందన్నా. ఇక్కడ అతికితే పక్కన చిట్లుతుంది. వెనకాల అంత ఎత్తున బరువు, ముందు నువ్వు. ఊగీ ఊగీ విరిగింది. పెట్టెలు తీసేసి కింద సంచులు కట్టు, ఇంకొన్నాళ్లు లాగుతుంది."

"కాళ్ల దగ్గరా?"

"నీకు రొట్టెమీదున్న గౌరవం సైకిలుమీద లేదు."

"సైకిల్ని తింటామా?"

ఎర్గాష్ నవ్వేశాడు. ముసలాయన నవ్వలేదు. చీలికమీద వేలు పెట్టి కూర్చున్నాడు. ఆ వేలు తీస్తే ఎక్కడ విరిగిపోతుందోనన్నట్టు.

"కొత్తది కొనుక్కోవచ్చుగా?"

"కొంటే మాత్రం, ఆ పెట్టెలు దాన్ని కూడా విరిచేస్తాయిగా."

"అతికిస్తాలే. కానీ చెబుతున్నా విను. ఇది ఒక్కర్నే మోస్తుంది. నువ్వో, రొట్టెలో. తేల్చుకో."

మర్నాడు బెల్లు మోగింది. కాకపోతే ఆలస్యంగా. నిషాన్‌బాయ్ సైకిలు ఎక్కలేదు. హ్యాండిలు పట్టుకుని పక్కన నడిచాడు. పెట్టెలు ఎప్పటిలాగే ఎత్తున ఊరేగుతున్నాయి. "రొట్టెలకి కారూ, నీకు కాళ్లూనా!" అన్నారు టీకొట్టు ముసలాళ్లు. కాలువ అవతలికి చేరేసరికి రొట్టెలు చల్లారాయి. గేట్లు తెరుచుకోలేదు. టీలు అయిపోయాయి మరి.

వారం తిరక్కుండా అవతలి ఇళ్లు మేనల్లుడి బండికి పోయాయి. ఒయ్‌దిన్ మొహమాటపడుతూ చెప్పింది. "మంచిదేలే చెల్లెమ్మా, మోకాళ్లకి విశ్రాంతి" అన్నాడాయన. ఇవతలి ఇళ్లు మిగిలాయి. అక్కడ మాత్రం వేడి తగ్గేలోపే వెళ్లిపోయేవాడు. ఇళ్లు తక్కువ కాబట్టి పని తొందరగా అయిపోయేది. తర్వాత రోజు చాలా పొడుగ్గా ఉండేది.

అతుకు ఎలా ఉందో చూపించే వంకతో ఎర్గాష్ కొట్టు దగ్గర ఆగడం అలవాటైంది. ఒకరోజు మిగిలిన రొట్టె తీసి, బల్లమీద గుడ్డ పరిచి నాలుగు ముక్కలు చేశాడు. ఎర్గాష్ ముఖానికున్న ముసుగు పైకెత్తి, నిలబడే ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

"మిగతావెవరికన్నా?"

"ఎవరైనా వస్తారేమోనని."

ఎర్గాష్ ఆయన్నొకసారి చూసి, ఇంకో ముక్క తీసుకున్నాడు. "రేపూ ఆగు. అతుకు చూడాలి" అని ముసుగు దించుకుని నిప్పురవ్వల్లోకి వంగాడు.

ఆ సాయంత్రం నిషాన్‌బాయ్ ఇంటికి రెండు ముక్కలే తెచ్చాడు. గుడ్డ పరిచి ఒకటి తన ముందు పెట్టుకున్నాడు. రెండోది ఎదురుగా పెట్టాడు.