బువ్వకు ముందు ప్రార్థన

ఎస్తేరమ్మ పెనిమిటి ఊరుగాని ఊళ్ళో కాలువ తవ్వుతూ, మట్టిపెళ్ల విరిగి మీద పడి చనిపోయాడు. ఆ తర్వాత ఆమె మళ్ళీ వలస లారీ ఎక్కలేదు. వీపనగండ్ల దగ్గర మిషను బడికి ఆనుకుని ఉన్న హాస్టల్లో వంటకు కుదిరింది.

పనులకు దేశాలు పట్టిపోయే కూలీలు పిల్లల్ని అక్కడ వదిలి వెళ్ళేవారు. తిరిగి వచ్చేదాకా వాళ్ళకు తల్లయినా తండ్రయినా ఎస్తేరమ్మే. ఏసును నమ్మినవాళ్ల పిల్లలూ ఉండేవారు, జమ్ములమ్మకు మొక్కేవాళ్ల పిల్లలూ ఉండేవారు. ఆ దేవత పేరే పెట్టుకున్న తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి అందరికన్నా గట్టిగా ఏసు పాటలు పాడేది. వాళ్ళమ్మ పెంటమ్మ అది విని నవ్వేది.

"ఏ దేవుని పాటైతేంది అక్కా, నా బిడ్డ కడుపు నిండుతున్నది, నాలుగచ్చరాలొస్తున్నయి" అనేది.

ఎనభై ఏడులో ఎవరో పైకి అర్జీ పెట్టారు, సర్కారు గ్రాంటుతో మతం నేర్పుతున్నారని. ఒక మధ్యాహ్నం వనపర్తి నుంచి ఆఫీసరు వచ్చాడు. తన వంటిల్లు చూడడానికి అంత పెద్దమనిషి వచ్చాడని ఎస్తేరమ్మ మురిసిపోయి, కొంగుతో బల్ల తుడిచింది.

"ప్రార్థన చెయ్యని పిల్లలకు అన్నం పెట్టవా అమ్మా?" అని ఆయన మెల్లగా అడిగాడు.

"చెయ్యకుంట ఎట్ల తింటరు సారూ? కండ్లు మూసుకొని మొక్కినంకనే ముద్ద ముట్టాలె. నేనే నేర్పిన" అంది గర్వంగా.

ఆయన ఆ మాట రాసుకున్నాడు. గుమ్మంలో నిలబడిన పాస్టరు ఆశీర్వాదంగారి మొహం మాడిపోయింది. ఎందుకో ఆమెకు అప్పుడు అర్థం కాలేదు.

వానాకాలం వెళ్ళకముందే ఉత్తర్వు వచ్చింది. బడిలో, హాస్టల్లో ప్రార్థన మానాలి, లేదంటే గ్రాంటు ఆగిపోతుంది. ఎస్తేరమ్మ పాస్టరు దగ్గరికి పరుగెత్తింది.

"ప్రార్థన మన ఏసు గుళ్ళె చేసుకుందాం అయ్యగారూ. హాస్టల్ల వద్దు."

"నా చేతుల లేదమ్మా. పై కమిటీ ఒప్పుకుంటలేదు. ప్రార్థన లేని హాస్టలు మనకెందుకు, సర్కారు పైసలే వద్దంటున్నరు" అన్నాడాయన.

మర్నాడు ఆమె బస్సెక్కి వనపర్తి పోయి, ఆఫీసరు బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"ఆ పొద్దు నేనన్న మాట తప్పు సారూ. రేపటి సంది ప్రార్థన లేకుంటనే పెడత. పిల్లలను ఆగం చెయ్యకుండ్రి."

"నువ్వంటే చాలదమ్మా, మీ సంఘమోళ్లు రాసివ్వాలి. సర్కారు సొమ్ముతో ఏ మతమూ నేర్పొద్దన్నది రూలు. నేను పెట్టింది కాదు."

ఆయన తల వెనక గోడకు సరస్వతి పటం, దానికి ఆ ఉదయమే వేసిన బంతిపూల దండ. ఎస్తేరమ్మ దాన్నే చూసింది. ఆ చూపు ఎక్కడుందో గమనించి ఆయన కాగితాల్లోకి తల దించుకున్నాడు.

"సర్కారు హాస్టల్ల సీట్లుంటే చూస్త" అన్నాడు.

సీట్లు లేవు. దసరా సెలవులకు మూసిన హాస్టలు మళ్ళీ తెరుచుకోలేదు. పాస్టరు అబద్ధమాడలేదు, ఆఫీసరూ అబద్ధమాడలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా ఆమెకు తెలియలేదు. తానే నోరు జారకపోతే ఏమయ్యేదో అన్న ఆలోచన మాత్రం ముల్లులా గుచ్చుతూనే ఉండేది.

కబురందుకుని పెంటమ్మ తన బిడ్డ కోసం వచ్చింది.

"నా దగ్గర ఉండనియ్యి చెల్లే, ఊరి బడికి తోల్త" అని ఎస్తేరమ్మ బతిమాలింది.

"నీకే పని లేకపాయె అక్కా. దానికేం పెడతవు?"

జమ్ములమ్మ పలకా పుస్తకాలూ మూటకట్టుకుని లారీ ఎక్కింది.

ఎస్తేరమ్మ పల్లికాయ చేన్లకు కూలికి పోసాగింది. ఏడెనిమిదేళ్ల తర్వాత వనపర్తి బస్టాండులో, చంకలో పసిపాపతో ఉన్న జమ్ములమ్మ ఎదురైంది. పనిచోటే పెళ్లి చేశారట.

"పెద్దమ్మా, గద్వాల బస్సేదో జర చెప్పవా?" అని అడిగింది.

"బోర్డు సదవరాదా బిడ్డా?"

"ఎప్పుడో మరిచిపోయిన పెద్దమ్మా" అని నవ్వింది పిల్ల.

చదువురాని ఎస్తేరమ్మ పాపను ఎత్తుకుని, ఆ బస్సేదో కనుక్కోవడానికి కండక్టరు కోసం జనంలోకి నడిచింది.